ఒకటి తీయండి, ఒకటి పెట్టండి

శ్రోతలకు నమస్కారం.

తీరిక వేళల్లో పాత తెరచాప పడవను బాగుచేసుకోవడం గురించి చెప్పడానికి చాలా ఉంది. ఉన్న వ్యవధి కొద్దిది. అందుకని నాకు ఎంతో ఇష్టమైన ఒక్క పడవ కథ చెబుతాను. ఆ పడవ పేరు స్ప్రే.

1892వ సంవత్సరం. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, ఫెయిర్‌హేవెన్ అనే రేవు ఊరు. జాషువా స్లోకం అనే నావికుడు అక్కడికి వచ్చాడు. పెద్ద పెద్ద తెరచాప ఓడలు నడిపినవాడు. ఆవిరి ఓడలు వచ్చాక తెరచాప ఓడలకు పని తగ్గింది, ఆయనకు ఓడ లేకుండా పోయింది. తిమింగలాల వేటలో పండిపోయిన ఒక కెప్టెన్, "నీకొక ఓడ ఇస్తాను, కాస్త మరమ్మతు చేసుకోవాలి" అన్నాడు. వెళ్లి చూస్తే, ఉప్పునీటికి దూరంగా ఒక పొలంలో, ఊతకర్రల మీద నిలబెట్టి గుడ్డ కప్పిన పాత పడవ! ఏళ్ల తరబడి అది అలాగే ఉంది. విరగ్గొట్టడానికి వచ్చావా అని అడిగారు ఊరివాళ్లు. కాదు, మళ్లీ కడతానన్నాడు. గిట్టుబాటవుతుందా? ఏడాదికి పైగా ఆయన విన్న ప్రశ్న ఇదే. గిట్టుబాటవుతుందా?

దగ్గర్లోని ఓక్ చెట్టును తన గొడ్డలితోనే నరికాడు. పడవ బరువంతా మోసే అడుగు దూలం దాన్నుంచి వచ్చింది. నీళ్లు కాచడానికి ఒక పాత్ర, దానికొక ఆవిరి పెట్టె అమర్చుకున్నాడు. నిటారుగా పెరిగిన లేత చెట్లను చెక్కి, అవి మెత్తబడేదాకా ఆవిరి పట్టించి, దుంగ మీద వంచి, వంపు నిలిచేదాకా బిగించి ఉంచాడు. పడవ పక్కటెముకలు అవే. ముందువైపు నిలువు దూలాన్ని నిలబెట్టిన రోజున దూరాల నుంచి కెప్టెన్లు వచ్చి చూశారు. మంచుగడ్డలనైనా పగలగొడుతుందన్నారు. ఆ దూలమే తరువాత హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవుల దగ్గర పగడపు దిబ్బను రెండుగా చీల్చిందనీ, దానికి మాత్రం గీత కూడా పడలేదనీ స్లోకం చెప్పుకున్నాడు.

ఒకటిన్నర అంగుళాల మందం ఉన్న పైన్ పలకలు బిగించాక, నీరు లోపలికి రాకుండా వాటి సందుల్లో నూలు కూరడం మొదలుపెట్టాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. వీపున ఆల్చిప్పల బుట్ట మోసుకుపోతున్న ఒకాయన ఆగి, "అది పాకుతుంది!" అని అరిచాడు. నూలు సందులోంచి పాక్కుంటూ బయటికి వచ్చేస్తుందని ఆయన భయం. ఇంకొకాయనా అదే మాట అన్నాడు. స్లోకం తాను మొదటినుంచీ అనుకున్నట్టుగానే నూలు మీద తారు పట్టించిన నారను మరో వరుస దట్టించాడు. నూలు పాకలేదు.

సామగ్రికి 553 డాలర్ల 62 సెంట్లు. కష్టం 13 నెలలు. నిజానికి అక్కడ ఇంకొంచెం ఎక్కువ కాలమే ఉండాల్సి వచ్చింది, ఎందుకంటే రేవులో తిమింగలాల ఓడలను సిద్ధం చేసే పని దొరికినప్పుడల్లా వెళ్లి సంపాదించుకునేవాడు. తిండికోసం ఆ పని, మిగిలిన వేళల్లో ఈ పడవ.

1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుంచి బయలుదేరి, 1898 జూన్‌లో తిరిగి వచ్చేసరికి, తెరచాప పడవలో ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషి ఆయనే. ఆ ప్రయాణం గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నా మనసు మాత్రం ఆ పొలం దగ్గరే ఆగిపోతుంది. రోజూ కంటికి కనిపించే పని ఏదో ఒకటి జరిగేదని ఆయన అన్నాడు. పాత స్ప్రే ఎక్కడ పోయిందో, కొత్తది ఎక్కడ పుట్టిందో చెప్పలేనంత నెమ్మదిగా మారిందని కూడా అన్నాడు.

నేను చెప్పదలచినది ఇదే. ఒకటి తీయండి, ఒకటి పెట్టండి.

తొలి సెలవురోజున ఉత్సాహం పొంగిపొర్లుతుంది. పుచ్చినవన్నీ ఊడబీకేస్తే సాయంత్రానికి ఎంతో పని అయినట్టు కనిపిస్తుంది. కానీ పడవ ఆకారాన్ని పట్టి ఉంచేవి ఆ పలకలూ ఆ పక్కటెముకలే. అన్నీ ఒక్కసారిగా తీస్తే పడవ ఒళ్లు కుంగుతుంది, వంపు మారుతుంది. మారిన వంపును తిరిగి రప్పించడం మహా కష్టం. పైగా ఎంత చివికిపోయినా, కొత్త చెక్కకు కొలత పాత చెక్కే. దాన్ని పక్కన పెట్టుకుని కొత్తది కోయండి, బిగించండి, ఆ తరువాతే రెండోదాని మీద చెయ్యి వేయండి. పక్కటెముకలైతే వరసగా కాకుండా ఒకటి విడిచి ఒకటి మార్చండి. తీరిక వేళల్లో పనిచేసేవారికి ఇది మరీ ముఖ్యం. ఉద్యోగంలో ఊపిరాడని పని పడవచ్చు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగుండకపోవచ్చు. నెలల తరబడి పని ఆగినా పడవ పడవగానే ఉండాలి, చెక్కల కుప్పగా మారకూడదు. ఒకటి తీయండి, ఒకటి పెట్టండి.

మరి మొదట ఏది తీయాలి? రంగుల జోలికి పోకండి, వాననీరు దిగే చోటు వెతకండి. చెక్క పడవకు సముద్రపు నీటి కంటే వాననీటితోనే ముప్పు ఎక్కువ. చెక్కను తినే శిలీంధ్రాన్ని ఉప్పు అడ్డుకుంటుంది, వాననీటి తడి పెంచి పోషిస్తుంది. తెరచాప కొయ్య డెక్కులోకి, అంటే పడవ పైతట్టులోకి దిగే చోట, కిటికీల కింద, పలకల కొసల్లో మొనదేలిన ఆరతో గుచ్చి చూడండి. సుత్తితో మెల్లగా తట్టితే మంచి చెక్క ఖంగుమంటుంది, పుచ్చినది మొద్దుగా పలుకుతుంది. ఫైబర్‌గ్లాస్ పడవల్లోనూ డెక్కు పొరల మధ్య చెక్క ఉంటే అది లోలోపలే నానిపోతుంది. పైన టార్పాలిన్ కప్పండి, కానీ కింద గాలి ఆడనివ్వండి.

సందుల పని చివరికి ఉంచుకోండి. ఒడ్డున ఎండిన పలకలు కుంచించుకుపోయి సందులు విడతాయి. అది చూసి నూలు మరీ గట్టిగా దట్టించకండి. నీటిలో దిగాక పలకలు ఉబ్బుతాయి, వాటికి చోటు లేకపోతే ఆ ఒత్తిడికి పక్కటెముకలు విరగవచ్చు. దింపిన మొదటి రోజుల్లో నీరు కారుతుంది. పంపు దగ్గర పెట్టుకుని కనిపెట్టుకుని ఉండండి. పలకలు ఉబ్బేకొద్దీ చాలా సందులు వాటంతటవే మూసుకుంటాయి. అప్పటికీ కారుతున్నవి ఏవో గుర్తుపెట్టుకుని, వాటి పని మాత్రమే మళ్లీ పట్టండి.

సెలవు.