పసిబిడ్డకు చేత్తో చేసిన కానుకలు: ఏవి రోజూ వాడాం, ఏవి బీరువాలోకి వెళ్ళాయి

నమస్కారం. ఈ రోజు రివ్యూకు తీసుకున్న వస్తువుల్లో ఒక్కటి కూడా అట్టపెట్టెలో ప్యాకై రాలేదు. నా ముందు బల్ల మీద మీకు కనిపిస్తున్నవి పాత చీరలతో కుట్టిన బొంత, నూలు జుబ్బాలు, క్రోషేతో అల్లిన కుల్లాయి, చేతి తొడుగులు, మేజోళ్ళు, ఏటికొప్పాక లక్క గిలక్కాయ, ఉయ్యాలకు కట్టిన గుడ్డ చిలకల తోరణం. గిలక్కాయ తప్ప మిగిలినవన్నీ మా చెల్లెలికి పాప పుట్టినప్పుడు అమ్మ, పిన్ని, నేను కలిసి ఏలూరులోని ఇంట్లో కుట్టినవి, అల్లినవి. పాప ఇప్పుడు పాకుతోంది కాబట్టి, వీటిలో ఏది రోజూ వాడుకలో నిలిచిందో, ఏది ఫొటో తీయించుకుని బీరువాలోకి వెళ్ళిపోయిందో చెప్పగలిగే సమయం వచ్చింది.

ప్రతి వస్తువునూ నేను రెండే ప్రశ్నలతో చూశాను. రోజుకొకసారి సబ్బుతో ఉతికి, ఎండలో ఆరవేసినా అది నిలుస్తుందా? బిడ్డ నోట్లో పెట్టుకున్నా, వేళ్ళతో లాగినా, ముఖం మీదకు జరుపుకున్నా అపాయం లేకుండా ఉంటుందా? అందం సంగతి ఈ రెండింటి తరవాతే వస్తుంది. బంధువులు మెచ్చుకునేది అందాన్ని, బట్టలు ఉతికేది మాత్రం బాలింత తల్లి లేదా ఆమె తల్లి అన్న సంగతి గుర్తుంటే ఈ వరుస ఎందుకో మీకే తెలుస్తుంది.

మొదట బొంత. ఇదిగో, కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, కుట్టు వరసలను గమనించండి. దీనిలో వాడినవన్నీ అమ్మ ఏళ్ళ తరబడి కట్టుకున్న నూలు చీరలు. ఎన్నో ఉతుకులకు గంజి పూర్తిగా వదిలి, పోగు మెత్తబడి, రంగు దిగేదంతా ఎప్పుడో దిగిపోయిన గుడ్డ అది. కొత్త గుడ్డను ఎంత నానబెట్టినా ఆ మెత్తదనం అంత త్వరగా రాదు. పాలిస్టర్ చీరలు చెమటనూ తడినీ పీల్చుకోవు, సిల్కు చీరలు రోజూ సబ్బు ఉతుకుకు నిలవవు కాబట్టి వాటిని పక్కన పెట్టాం. నూలు చీరలకున్న జరీ అంచులను కూడా కత్తిరించి తీసేశాం. కుట్టు వరసల మధ్య ఎడం రెండు వేళ్ళకు మించితే ఉతికినప్పుడు లోపలి పొరలు జారి ఒక మూలకు చేరతాయి, అందువల్ల దగ్గర దగ్గరగా కుట్టవలసిందే. దారం ముడులు పైకి కనిపించకుండా పొరల మధ్యలోకి లాగాలి.

పొరలు ఎన్ని ఉండాలన్న విషయంలో మా ఇంట్లోనే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. పిన్ని ఆరు పొరలతో ఒకటి కుట్టింది, అమ్మ మూడు పొరలతో కుట్టింది. ఆరు పొరలది చూడడానికి నిండుగా, ఒత్తుగా ఉంటుంది. అయితే వానాకాలంలో ఉతికిన రోజు సాయంత్రానికి కూడా లోపలి పొరల్లో తేమ మిగిలి వాసన పట్టేది. మూడు పొరలది పొద్దున ఉతికితే మధ్యాహ్నానికల్లా మడతపెట్టుకునేలా ఆరిపోయింది. కాబట్టి గోదావరి, కృష్ణా జిల్లాల్లాంటి తేమ ప్రాంతాల్లో ఉండేవారికి నేను మూడు పొరల బొంతనే సూచిస్తాను. పిన్ని ఈ వీడియో చూస్తుందని తెలిసే ఈ మాట చెబుతున్నాను.

బొంత విషయంలో గట్టిగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. అది నేల మీద పరుచుకోవడానికి, నూనె రాసి కాళ్ళూ చేతులూ సాగదీయడానికి, మెలకువగా ఉన్న బిడ్డను కాసేపు బోర్లా పడుకోబెట్టి ఎదురుగా కూర్చోవడానికి చక్కగా పనికొస్తుంది. నిద్రపోతున్న పసిబిడ్డ మీద కప్పడానికి మాత్రం పనికిరాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల డాక్టర్ల సంఘం 2022లో సవరించిన సూచనల ప్రకారం ఏడాది లోపు బిడ్డను గట్టిగా, సమతలంగా ఉండే పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి, ఆ పక్క మీద దుప్పట్లు, దిండ్లు, మెత్తని బొమ్మలు ఉండకూడదు. మెత్తని గుడ్డ ముఖం మీదకు జారితే దానిని తోసేసే శక్తి చిన్న బిడ్డకు ఉండకపోవచ్చు. అదే సంవత్సరం అమెరికాలో చేసిన చట్టం తొట్టి చుట్టూ కట్టే దూది మెత్తల అమ్మకాన్నే నిషేధించింది. డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురికి ఒక బొంత పంపుతూ, తొట్టికి సరిపోయే మెత్తలు కూడా కుడదామని అమ్మ అనుకున్నప్పుడు నేను వద్దన్నది ఇందుకే. విదేశాల్లోని మనవలకు కానుకలు కుట్టి పంపే అమ్మమ్మలు, నానమ్మలు ఈ విషయం ముందుగా తెలుసుకుంటే వారాల శ్రమ వృథా కాదు.

ఇక జుబ్బాలు. మన ఇళ్ళలో చాలామంది బిడ్డ పుట్టకముందు కొత్త బట్టలు కొనరు, కుట్టరు. పుట్టగానే ఇంట్లోని పాత మెత్తని గుడ్డలోనే చుడతారు. ఆ నమ్మకాన్ని మీరు పాటించినా పాటించకపోయినా, గంజి వదిలిన పాత గుడ్డే బిడ్డ చర్మానికి మొదట తగలడం మంచిదే. మేము పురుడు వచ్చేదాకా గుడ్డను ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఉంచాం; కత్తెర పెట్టింది పాప పుట్టిన తరవాతే. ఈ ముందస్తు ఉతుకు మరో రకంగా కూడా మేలు చేస్తుంది. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది కాబట్టి, ఉతకకుండా కత్తిరిస్తే చంక దగ్గర బిగుతవుతుంది.

రెండు రకాల గుడ్డలతో కుట్టి చూశాం. సన్నని మల్‌మల్ జుబ్బాలు అన్నింటికన్నా ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మంగళగిరి నూలు గట్టిది, రంగు నిలిచింది. అయినా నెలలోపు బిడ్డకు కాస్త బరువనిపించింది, ఆరో నెల దాటాక బాగా నప్పింది. దాని నిజాం అంచులోని జరీ మెడకూ మణికట్టుకూ గీరుకుంటుంది కాబట్టి అంచును బయటి వైపు గేరాకు మాత్రమే వాడాలి, లేదా పూర్తిగా వదిలేయాలి. పొందూరు సన్న ఖద్దరు కూడా ఇంట్లో ఉంది, కానీ రెండు నెలల్లో పొట్టైపోయే జుబ్బా కోసం దానిని కోయడానికి నాకు చేయి రాలేదు.

కుట్టులో చూడవలసినది లోపలి వైపు. ఈ జుబ్బాను తిరగేసి చూపిస్తున్నాను: అతుకుల అంచులు లోపల పొడుచుకు రాకుండా మడిచి రెండోసారి కుట్టాం. మొదటి నెలలో వేసే జుబ్బాలకైతే అతుకులను ఏకంగా బయటి వైపుకే ఉంచాం, చూసేవారు తిరగేసి తొడిగారేమో అనుకుంటే అనుకోనివ్వండి. ఎంబ్రాయిడరీ చేసినచోట వెనక ముడులు గరుకుగా మిగులుతాయి, వాటి మీద మల్‌మల్ ముక్క వేసి కప్పాలి. బొత్తాలు, పిన్నీసులు వద్దు. తల మీదుగా తొడిగే మెడ కూడా వద్దు, ఎందుకంటే మెడ నిలవని బిడ్డకు అలా తొడగడం తొడిగేవారికీ కష్టమే. ముందు భాగం ఒకదాని మీద ఒకటి వచ్చేలా కోసి, పక్కన గుడ్డ నాడాలతో ముడి వేసేది హాయిగా ఉంటుంది. ఆ నాడాలు జానెడుకు మించకూడదు, మెడ దగ్గర అసలే ఉండకూడదు. కొలత విషయానికొస్తే, బిడ్డ బరువు సుమారు అయిదో నెలకు పుట్టినప్పటికి రెట్టింపవుతుంది కాబట్టి పుట్టిన రోజు కొలతతో ఒకటి రెండు కుట్టి, మిగిలినవి వదులుగా కుట్టుకోవడం మేలు.

కుట్టిన బట్టలను దాచే పద్ధతి గురించి ఇక్కడే చెప్పాలి. పెద్ద బిడ్డ జుబ్బాలను చిన్న బిడ్డ కోసం బీరువాలో కలరా ఉండలు వేసి దాచే అలవాటు మనలో చాలా ఇళ్ళలో ఉంది. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్, జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన శిశువుల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయేలా చేసి తీవ్రమైన కామెర్లు తెస్తుంది. ఆ లోపం ఉన్నట్టు చాలాసార్లు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎండిన వేపాకు పల్చని గుడ్డ సంచిలో కట్టి పెట్టుకోండి. ఇతరులు ఇచ్చిన పాత బట్టల్లో ఆ ఉండల వాసన వస్తే వాటిని బిడ్డకు తొడగకండి.

క్రోషే వస్తువుల గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా మొదలైన లేసు అల్లిక తరతరాలుగా ఆడవాళ్ళ ఇంటి పనిగా సాగి, 2024లో ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జిఐ) కూడా పొందింది. మా పిన్నికి ఆ అల్లిక చిన్నప్పుడే అబ్బింది. ఈ కుల్లాయి, తొడుగులు, మేజోళ్ళు ఆమె పనితనమే, ఒక్క కన్ను కూడా తప్పలేదు. అయినా వాడుకలో ఇవే అన్నిటికన్నా వెనకబడ్డాయి. ఊలు పేరుతో దుకాణాల్లో దొరికేది చాలావరకు యాక్రిలిక్; కోస్తా ఉక్కపోతలో అది తలకు చెమట పట్టిస్తుంది. పిన్ని నూలు దారంతో మళ్ళీ అల్లిన కుల్లాయి కొంత నయం. అదైనా బయటికి వెళ్ళేటప్పుడు, చలికాలపు పొద్దుటి పూట మాత్రమే పెట్టాం. పసిబిడ్డలు ఒంట్లోని వేడిని ఎక్కువగా తల నుంచే వదులుతారు కాబట్టి ఇంట్లో, ముఖ్యంగా నిద్రలో, కుల్లాయి తీసేయాలని ఇందాక చెప్పిన సూచనల్లోనే ఉంది.

చేతి తొడుగులు, మేజోళ్ళ విషయంలో నా అభ్యంతరం ఇంకా గట్టిది. లోపల వదులుగా మిగిలిన ఒక్క దారపు పోగు గానీ, తల్లి రాలిన వెంట్రుక గానీ వేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాచి నల్లబడే ప్రమాదం ఉంది. బిడ్డ కారణం తెలియకుండా ఏడుస్తుంటే డాక్టర్లు కాలి వేళ్ళను కూడా పరీక్షించేది అందుకే. తొడుగులు అల్లాలనే ఉంటే రంధ్రాలు లేని దగ్గర అల్లికతో అల్లి, లోపల మల్‌మల్ అస్తరు వేసి, ప్రతిసారీ తిరగేసి చూసి తొడగండి. గోళ్ళు కత్తిరించడం ఇంతకన్నా సులువన్నది నా మాట.

ఈ గిలక్కాయ మేము చేసినది కాదు, చేతిపనివారి దగ్గర కొన్నది. అనకాపల్లి జిల్లా వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పూతలా పట్టుకుంటుంది. పసుపు, నీలిమందు వంటి ప్రకృతి రంగులను ఆ లక్కలో కలిపే పద్ధతికి మళ్ళీ ప్రాణం పోసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. పాప దీనిని పళ్ళు రాకముందు నుంచీ కొరుకుతోంది, రంగు ఊడలేదు. వేడినీళ్ళలో మరిగిస్తే లక్క మెత్తబడుతుంది, నానబెడితే కర్ర ఉబ్బుతుంది. కనుక తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసినప్పుడు, నమోదైన హస్తకళాకారులకూ భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు న్యాయమైనదే, కానీ పరీక్షించే పని కొనేవారి మీద పడుతుంది. పగుళ్ళు ఉన్నాయా, లోపలి గింజలు బయటికి వచ్చే వీలుందా, ఊడే ముక్క ఏదైనా ఉందా అని వేళ్ళతో గట్టిగా లాగి చూడండి. అమెరికా నిబంధనల్లో చిన్న ముక్కలను కొలిచే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అందులో పట్టేసేది మూడేళ్ళలోపు బిడ్డ చేతికి ఇవ్వదగినది కాదు. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేసి పైన రంగు వేసేవి. అవి బొమ్మల కొలువుకే ఉండనివ్వండి.

తోరణం గురించి ఎక్కువ చెప్పను. ఇరవై ఒకటో రోజు ఉయ్యాలలో వేసినప్పుడు ఈ గుడ్డ చిలకలు, మల్లెపూలు కలిపి కట్టాం, చూడముచ్చటగా ఉంది. పూలకు చీమలు చేరతాయి కాబట్టి వేడుక ముగిసిన గంటలోనే తీసేశాం. అద్దాలు, పూసలు, థర్మోకోల్ ఉండలు వాడలేదు. పుట్టిన కొత్తలో బిడ్డకు స్పష్టంగా కనిపించే దూరం 20 నుంచి 30 సెంటీమీటర్లే, అందులోనూ నలుపు తెలుపుల తేడానే బాగా పట్టుకుంటుంది. అందువల్ల లేత గులాబీ చిలకలు పెద్దవాళ్ళ కోసమే అయ్యాయి. నల్ల గుడ్డ మీద తెల్ల చారలు కుట్టి మేము ఎత్తుకుని చూపించిన ముక్క వైపే పాప రెప్ప వేయకుండా చూసేది. బిడ్డ చేతుల మీద లేవడం మొదలుపెట్టగానే, అంటే సుమారు అయిదో నెలకు, వేలాడే తోరణాలను తీసేయాలి.

చివరిగా, బల్ల మీద లేని రెండు వస్తువులు. బొంతలో మిగిలిన చీర ముక్కలతో చెల్లెలి పెద్దబ్బాయికి, తన బొమ్మను పడుకోబెట్టుకోవడానికి ఒక చిన్న బొంత కుట్టాం. అందరూ పాపకే కానుకలు తెస్తున్న ఆ వారాల్లో వాడికి అది ఎంతో నచ్చింది. చెల్లెలికేమో పక్కన నాడాలు ఉండి, పాలివ్వడానికి వీలుగా తెరుచుకునే నూలు నైటీలు రెండు కుట్టాం. అవి ఈ రోజు రివ్యూకు రాకపోవడానికి కారణం, ఒకటి ఆమె ఒంటి మీద, రెండోది దండెం మీద ఉండడమే.