రాయి మీద పేరు ఎవరిది, పొలం ఎవరిది

నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో, నాగావళి కాలువ నీటితో బతికే ఒక చిన్న పల్లెలో, మా తాతగారి కాలం నుంచి మేము సాగు చేసుకుంటున్న ఎకరా డెబ్బై సెంట్ల పొలం ఉంది. కొన్నేళ్ల కిందట భూముల రీసర్వే జరిగినప్పుడు ఆ పొలం గట్టు మీద ఒక గ్రానైట్ రాయి పాతారు. ఆ రాయి మీద అప్పటి ముఖ్యమంత్రి గారి పేరుతో నడిచిన పథకం పేరు చెక్కి ఉంది. మా తాతగారి పేరు గానీ, సర్వే నంబరు గానీ దాని మీద లేవు. ఆ తరువాత చేతికి వచ్చిన పట్టాదారు పాసుపుస్తకం అట్ట మీద కూడా ముఖ్యమంత్రి గారి ఫొటోయే ఉంది. మా పక్క పొలం పెద్దాయన ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘బాబూ, ఈ బూమి దున్నుతున్నది నాను గదా, దీని మీద ఆయన బొమ్మేటి?’ అని అడిగారు. ఈ వీడియోలో నేను చెప్పదలచుకున్నదంతా ఆయన ఆ ఒక్క ప్రశ్నలోనే అడిగేశారు.

ఇంత వినగానే మీలో కొందరు నన్ను ఒక పార్టీ లెక్కలో వేసి ఉంటారు. కాస్త ఆగండి, మిగిలిన పార్టీల వంతు కూడా వస్తుంది.

పట్టాదారు పాసుపుస్తకం ఏ నాయకుడూ ఇచ్చే కానుక కాదు. అది 1971 నాటి చట్టం కింద, రెవెన్యూ రికార్డులో అప్పటికే ఉన్న హక్కుకు రైతు చేతిలో పెట్టే నకలు. అంతకు ముందు మా ప్రాంతంలో చాలా గ్రామాలు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందారీల కింద ఉండేవి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చిన తరువాత రైతుకూ ప్రభుత్వానికీ నడుమ ఉన్న దొర తొలగిపోయాడు. మా తాతగారు ఆ మార్పును కళ్లారా చూసిన మనిషి కాబట్టి, శిస్తు రసీదు మీద దొరగారి ముద్ర పోయి ప్రభుత్వ ముద్ర వచ్చిన రోజును పండుగలాగా చెప్పేవారు. ముద్రకూ బొమ్మకూ తేడా ఏమిటో ఆయన నాకు విడిగా వివరించవలసిన అవసరం రాలేదు.

బొమ్మ చిన్న విషయమే అనుకుందాం, కానీ దాని వెనకాలే వచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం, అంటే భూమి హక్కు నమోదు చట్టం, అంత చిన్నది కాదు. 2022 నాటి ఆ చట్టం 2023 అక్టోబరు 31 నుంచి అమలులోకి వచ్చింది. దీనికి మూలం ఢిల్లీలో నీతి ఆయోగ్ తయారు చేసిన నమూనా చట్టం కాబట్టి, దీని ఘనతలోనూ నిందలోనూ కేంద్రానికి కూడా వాటా ఉంది. మన దేశంలో రిజిస్ట్రేషన్ అనేది దస్తావేజుకే తప్ప హక్కుకు కాదు, అందుకే ఒకే భూమిని ఇద్దరికి అమ్మే మోసగాళ్లు బతికిపోతున్నారు. ఈ లోపాన్ని సరిచేసి, హక్కుకే ప్రభుత్వం పూచీ పడాలన్న ఆలోచనలో తప్పేమీ లేదని నేను ఒప్పుకుంటాను. అయితే ఆ చట్టం ప్రకారం టైటిల్ రిజిస్టరులో ఒక పేరు నమోదై, రెండేళ్ల పాటు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే, ఆ పేరే తిరుగులేని హక్కు అవుతుంది. వివాదం వస్తే సివిల్ కోర్టుకు పోయే దారి లేదు. ప్రభుత్వం నియమించిన అధికారి ముందుకు, ఆ పైన ప్రభుత్వమే నియమించిన అప్పీలు అధికారి ముందుకు పోవాలి, అక్కడా కాకపోతే ఇక హైకోర్టుకే వెళ్లాలి.

ఇప్పుడు ఆ రెండేళ్ల గడువును మా జిల్లాకు తెచ్చి చూడండి. మా తీరంలోని మత్స్యకారులు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వెరావల్ రేవులో పడవల మీద ఉంటారు. పల్లెల్లోని కుర్రవాళ్లు చెన్నైలో, హైదరాబాదులో భవన నిర్మాణ పనుల్లో ఉంటారు, ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్లు, తాళం వేసిన తలుపులు. తహసీల్దారు కార్యాలయంలో తెరిచిన ఒక రిజిస్టరులో తన పొలం ఎదుట మరొకరి పేరు పడిందని వెరావల్ రేవులో వల సర్దుకుంటున్న మనిషికి ఎవరు చెప్పాలి? సంక్రాంతికి ఊరికి వచ్చి, వారం రోజులు ఉండి తిరిగి వెళ్లే మనిషికి రెండేళ్లు అంటే రెండు సంక్రాంతులు మాత్రమే. కింది కోర్టులో కేసు వేయడానికే తాకట్టు పెట్టుకునే మనిషిని అమరావతిలోని హైకోర్టు దాకా వెళ్లమనడం, హక్కు ఉంది గానీ వాడుకోవద్దని చెప్పడమే అవుతుంది. న్యాయవాదులు విధులు బహిష్కరించి రోడ్డు మీదకు వచ్చినప్పుడు, వాళ్ల ఫీజులు పోతాయన్న భయంతోనే ఇదంతా అని ఎగతాళి చేసినవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. ఫీజుల భయం ఉండి ఉండవచ్చు, కానీ దానివల్ల వాళ్ల వాదన తప్పైపోదు.

2024 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, ఆ జూలైలోనే శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసింది. మంచి పని చేశారు. పాసుపుస్తకం మీద బొమ్మ తీసేసి రాజముద్ర వేస్తామన్నారు, అదీ మంచిదే. మరి రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ సంగతి ఏమైంది? అది అంతకు ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు వంటివి చేతులు మారకుండా కాపాడటానికి పెట్టిన నిషేధిత జాబితా అది. ఆశయం మంచిదే. కానీ రైతు సొంత పట్టా భూమి కూడా ఒక సర్వే నంబరు కలిసిపోయిందనో, ఒక గుమాస్తా పొరపాటు పడ్డాడనో ఆ జాబితాలోకి పోతుంది, పోయిన సంగతి ఎవరూ రైతుకు ముందుగా చెప్పరు.

నేను చెప్పిన ఆ పక్క పొలం పెద్దాయన కూతురి పెళ్లి కోసం నలభై సెంట్లు అమ్మడానికి బేరం కుదుర్చుకుని, బయానా తీసుకుని, రిజిస్ట్రేషనుకు వెళ్లిన రోజున ఆ నేల నిషేధిత జాబితాలో ఉందని తెలిసింది. తన తండ్రి చేసిన భూమి ఎప్పుడు సర్కారుదైందో ఆయనకు అక్కడ ఎవరూ చెప్పలేకపోయారు. ఒక కార్యాలయం వాళ్లు మరో కార్యాలయానికి పొమ్మన్నారు, ఆ కార్యాలయం వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టుకోమన్నారు. ప్రభుత్వం తన భూమి పోయిందని అనుకుంటే రుజువు చూపించవలసింది ప్రభుత్వమే. ఈ జాబితా దగ్గర మాత్రం, భూమి తనదేనని రైతే రుజువు చేసుకోవలసి వస్తోంది.

ఈ తలకిందుల వ్యవహారం కొత్తది కాదు. సోంపేట పక్కన బీల అనే చిత్తడి నేల ఉంది. అక్కడ చేపలు పడతారు, పశువులను మేపుతారు, ఆ నీటితో చుట్టుపక్కల ఊళ్లు వరి పండిస్తాయి. 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం ఒక జీవోతో ఆ నేలను కంపెనీకి కేటాయించినప్పుడు, కాగితం మీద అది పనికిరాని బంజరు. బీల ఒడ్డున పుట్టి పెరిగిన మనుషులు నెలల తరబడి రిలే నిరాహార దీక్షలు చేసి, అది బంజరు కాదని చెబుతూ వచ్చారు. 2010 జూలై 14న పోలీసుల కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ రెండు కబుర్లూ ఒకే రోజున మా ఇంటికి చేరాయి, ఏది ముందు వచ్చిందో మా అమ్మకు ఇప్పటికీ గుర్తుంది. అక్కడి మనుషులు చెబుతున్నది నిజమేనని ఒక సంస్థ ఒప్పుకోవడానికి మరి కొద్ది గంటలు చాలుతాయన్నప్పుడు, ఆ ఉదయం అంతమంది పోలీసులను బీలలోకి దించవలసినంత తొందర ఎవరికి వచ్చిందని నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. ఇంత జరిగిన తరువాత కూడా ఏడాది తిరగకముందే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో తంపర అనే చిత్తడి భూముల దగ్గర మళ్లీ కాల్పులు జరిగాయి, మళ్లీ ప్రాణాలు పోయాయి. అక్కడా థర్మల్ కేంద్రమే, అక్కడా 2,640 మెగావాట్లే. ఆ రెండు సందర్భాల్లోనూ రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వమే ఉంది.

ఇక తెలుగుదేశం వంతు. భోగాపురంలో విమానాశ్రయం కట్టాలని 2015లో కదిలినప్పుడు మొదట 15 వేల ఎకరాల మాట వినిపించింది, తరువాత 5 వేల ఎకరాల పైచిలుకు అన్నారు. చివరకు నిర్మాణ సంస్థకు ఇచ్చింది 2,200 ఎకరాల చిల్లర. విమానాశ్రయం వద్దని నేను అనను, ఉత్తరాంధ్రకు అది కావాలి. కానీ 2,200 ఎకరాల్లో అయ్యే పనికి 15 వేల ఎకరాలు ఎందుకు అడిగారని అక్కడి జీడితోటల రైతులు నిలదీయకపోయి ఉంటే, ఆ మిగిలిన వేల ఎకరాలు ఈ రోజు ఎవరి పేరున ఉండేవో మీరే ఊహించుకోండి. ఆ రోజుల్లో ఆ పల్లెలకు వచ్చి రైతుల పక్షాన మాట్లాడిన ప్రతిపక్ష నాయకుడు జగన్మోహన్ రెడ్డి గారు. 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు నాయుడు గారు అక్కడ శంకుస్థాపన చేశారు, 2023 మే 3న జగన్మోహన్ రెడ్డి గారు అక్కడే మళ్లీ శంకుస్థాపన చేశారు. ఒకే పెళ్లికి రెండుసార్లు రాట పాతినట్లు అయింది, రెండుసార్లూ ఖర్చు మాత్రం పెళ్లికూతురి తండ్రిదే.

నాయకులు మాట మార్చడం మనకు కొత్త కాదు కాబట్టి నేను దాని మీద ఎక్కువ సమయం పెట్టను. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది, వాళ్లు మాట మార్చినా చేతిలోని పనిముట్లను మాత్రం మార్చకపోవడం. పోలీసు చట్టంలోని 30వ సెక్షన్ సంగతే తీసుకోండి. ఆ చట్టం 1861 నాటిది, 1857 తిరుగుబాటు తరువాత ఇంగ్లీషువాళ్లు రాసుకున్నది. ఊరేగింపులు, సభలు పోలీసుల అనుమతితోనే జరగాలని చెప్పే ఆ సెక్షన్ మా జిల్లాల్లో అమలులో ఉందని నెల నెలా పేపర్లో ఒక మూలన చిన్న ప్రకటన వస్తుంది. నెలల తరబడి అది అమలులో ఉండవలసినంత ఉపద్రవం విజయనగరం గంటస్తంభం దగ్గర ఏముందో నాకు తెలియదు.

2022 డిసెంబరులో కందుకూరులో, ఆ వెంటనే జనవరి 1న గుంటూరులో తెలుగుదేశం సభల దగ్గర తొక్కిసలాటలు జరిగి జనం చనిపోయారు. ఆ మరుసటి రోజే, 2023 జనవరి 2న, అప్పటి ప్రభుత్వం అదే సెక్షన్ ఆధారంగా రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ ఒకటో నంబరు జీవో ఇచ్చింది. జనం ప్రాణాలు కాపాడాలన్న కారణం పైకి సబబుగానే కనిపించింది. ఆ ఏడాది మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. అప్పుడు ప్రతిపక్షంలో ఉండి ఆ జీవోను తిట్టిన పెద్దలు ఇప్పుడు అధికారంలో ఉన్నారు. 30వ సెక్షన్ ప్రకటన మాత్రం పేపర్లో అదే మూలన వస్తూనే ఉంది.

మంత్రి పర్యటన ఉన్న రోజు తెల్లవారుజామున ఉద్యమకారుల ఇళ్లకు పోలీసులు వచ్చి, చేతిలో ఒక నోటీసు పెట్టి, సాయంత్రం దాకా గడప దాటవద్దని చెప్పే పద్ధతి కూడా అలాంటిదే. ఆ నోటీసులో గృహనిర్బంధం అనే మాటే ఉండదు. నిన్నటి దాకా దాని మీద పాత నేర విచారణ చట్టం, సీఆర్‌పీసీలోని 149వ సెక్షన్ అని ఉండేది, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చి 168 అయింది. నంబరు మారింది, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునే కానిస్టేబుల్ మారలేదు. పాపం, ఆయనకు మా వాళ్లే టీ ఇస్తారు.

ప్రభుత్వమే వద్దనే మనిషిని నేను కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని వేళ్లతో సహా పెకలించినప్పుడు, కరెంటు స్తంభాలు తిరిగి నిలబెట్టింది ప్రభుత్వ ఉద్యోగులే. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బాధపడేవారికి పలాసలో ఆసుపత్రి కట్టిందీ, మంచినీటి పథకం తెచ్చిందీ ప్రభుత్వమే. రాయి మీద పేరు చెక్కుకున్న ప్రభుత్వమే ఆ పని కూడా చేసిందని చెప్పకపోతే నేను అబద్ధం ఆడినట్లే. నీళ్లిచ్చిన చేతికి నేను దండం పెడతాను, కానీ ఆ చేయి నా పాసుపుస్తకం మీదకు వచ్చినప్పుడు ఎందుకొచ్చిందని అడుగుతాను. ఏదైనా కొత్త అధికారం కావాలని ఒక నాయకుడు అడిగినప్పుడు, ఆయన మంచివాడా కాదా అని నేను లెక్క చూడటం మానేశాను. నాకు అసలు గిట్టని మనిషి రేపు అదే కుర్చీలో కూర్చుంటే ఆ అధికారంతో ఏమి చేస్తాడని చూస్తున్నాను. ఈ లెక్క అలవాటైతే, మన పార్టీ తెచ్చిన జీవో కూడా కొంచెం భయపెడుతుంది.

వచ్చే సోమవారం మా పక్క పొలం పెద్దాయనను వెంటబెట్టుకుని కలెక్టరేటుకు వెళుతున్నాను. సోమవారం అర్జీలు తీసుకునే ఆ కార్యక్రమాన్ని ఒకప్పుడు గ్రీవెన్స్ అనేవారు, 2019లో స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. మా వాళ్లు మాత్రం ఇప్పటికీ గ్రీవెన్స్ అనే అంటారు. ఆయన దగ్గర శిస్తు రసీదులు, పాత పాసుపుస్తకం, బొమ్మ ఉన్న పాసుపుస్తకం మూడూ ఉన్నాయి, మూడింటినీ ఒక గుడ్డసంచిలో పెట్టుకున్నారు. ఆ నలభై సెంట్లు 22ఏ జాబితాలోకి ఏ తేదీన, ఎవరి సంతకంతో వెళ్లాయన్న ఒక్క ప్రశ్న రాసి ఇస్తాం. వచ్చిన జవాబును, ఏ పార్టీకి ఎలా తగిలినా సరే, ఇక్కడే చదివి వినిపిస్తాను.