ఎక్స్‌పీ95, పవర్95, స్పీడ్: ప్రీమియం పెట్రోల్‌కు పెట్టిన డబ్బు మైలేజీలో తిరిగొస్తుందా?

నమస్కారం. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ95, హెచ్‌పీ పవర్95, భారత్ పెట్రోలియం స్పీడ్ వంటి ప్రీమియం పెట్రోళ్లను ఈ రోజు సాధారణ పెట్రోల్‌తో పోల్చి చూద్దాం.

ముందుగా ఆక్టేన్ సంగతి. ఆక్టేన్ అంటే పెట్రోల్‌లోని శక్తి కాదు, సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినా ఇంధనం తనంతట తాను అంటుకోకుండా నిలిచే గుణం. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసి, శ్రీశైలం ఘాట్‌లో పై గేరులోనే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే బానెట్ కింద గోలీలు దొర్లినట్టు వినిపించే చప్పుడే నాకింగ్, అంటే ఇంధనం అలా తనంతట తాను అంటుకుంటోందన్న గుర్తు. దాన్ని పసిగట్టిన ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది కాబట్టి పికప్ పడిపోతుంది. అందుకే ఎక్కువ ఆక్టేన్ ఉపయోగం సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువగా ఉండే టర్బో ఇంజన్లలో కనిపిస్తుంది కానీ, 91 ఆక్టేన్‌కే తయారైన మామూలు ఇంజన్‌లో దాదాపు కనిపించదు. మీ కారుకు ఎంత కావాలో పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది.

చాలామంది గమనించని మార్పు ఒకటి ఉంది. 20 శాతం ఇథనాల్ కలిశాక సాధారణ పెట్రోల్ ఆక్టేన్ కూడా 95కు చేరింది. కాబట్టి 95 రకానికి ఎక్కువ ధర ఇస్తున్నామంటే, ప్రధానంగా ఇంజెక్టర్లను శుభ్రంగా ఉంచే అడిటివ్‌లకే ఇస్తున్నాం. ఇక మైలేజీ తగ్గిందనే ఫిర్యాదుకు కారణం బ్రాండు కాదు. లీటరు ఇథనాల్‌లో పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు శక్తి తక్కువ. పాత డిజైన్ కార్లలో 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది.

సాధారణ పెట్రోల్ 108 రూపాయలు, ప్రీమియం 116 అనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు 16.1 ఇస్తేనే ఖర్చు సరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో కేవలం పెట్రోల్ మార్చినందుకు అంత పెరుగుతుందని నేను నమ్మను. ఇండియన్ ఆయిల్ 100 ఆక్టేన్ పెట్రోల్ ఎక్స్‌పీ100 ధర మరీ ఎక్కువ; అధిక కంప్రెషన్ ఇంజన్లున్న ఖరీదైన కార్లకు తప్ప దాన్ని సిఫారసు చేయను.

ఈ కంపెనీలు ఒకరి రిఫైనరీల నుంచి ఒకరు పెట్రోల్ తీసుకుంటాయి కనుక, బ్రాండు కంటే మీరు వెళ్లే బంకు ముఖ్యం. కొలత మీద అనుమానం వస్తే 5 లీటర్ల క్యాన్‌తో కొలిచి చూపమని, నాణ్యత మీద వస్తే, చుక్క వేసి మరక మిగులుతుందేమో చూసేందుకు ఫిల్టర్ పేపర్ ఇవ్వమని అడగండి. రెండూ మీ హక్కు. మైలేజీ తేల్చాలంటే ఒకే బంకులో, ఒకే నాజిల్‌తో, ఆటో కట్ అయ్యేవరకే పోయించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఒక్కో రకానికి కనీసం మూడు ట్యాంకులు నడపండి.