పాత బండి అడుగు చూశారా?

నమస్కారం. కార్ల గురించి చాలా రాసుకొచ్చాను గానీ ఈ స్టూడియోకి వచ్చే దార్లోనే సగం కొట్టేశాను, ఉన్న టైముకి అదంతా పట్టదు. ఒక్క కారు గురించే చెబుతాను. నా కారు. పాతదాన్నే ఉంచుకోవాలా, లీజుకి కొత్తది తీసుకోవాలా అన్న లెక్క ఇది. 2009లో కొన్న ఆల్టో, ఏపీ 35 నంబరు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే సిరీసు పెట్టేశారు కాబట్టి కొత్త బండిని చూసి ఏ ఊరిదో చెప్పలేం. అదే పాత బండి అయితే 35 అంటే విజయనగరం, 30 అంటే శ్రీకాకుళం. ఒకసారి హైదరాబాదులో సిగ్నల్ దగ్గర పక్క కారాయన అద్దం దించి, ‘మాదీ మీ జిల్లాయేనండీ, బొబ్బిలి’ అని చెయ్యూపాడు. దీన్ని ఖర్చు లెక్కలో ఎక్కడ వేసుకోవాలో నాకైతే తెలీదు.

సరే, విషయానికొస్తాను. 2024 జూన్‌లో ఆ బండికి పదిహేనేళ్లు నిండాయి. అప్పటికి ఆర్నెల్ల ముందు నుంచే ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ, ‘మాస్టారూ, ఇంక తుక్కుకి ఇచ్చేయాల్సిందేనట కదా’ అని పరామర్శలు. అలాంటిదేమీ లేదండీ. ఆ గొడవ ఢిల్లీ చుట్టుపక్కల. మన దగ్గర సొంత కారుకి పదిహేనేళ్లు దాటితే బండిని చూపించి, ఫిట్‌గా ఉందనిపించుకుని, ఆర్‌సీని ఐదేళ్లకి పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజుని 5,000 రూపాయలు చేశారు. దానికి తోడు పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్. గడువు దాటిపోతే నెలనెలా అదనం, అందుకని ముందే వెళ్లండి.

నేను వెళ్లాను, పొడిగించుకున్నాను. అక్కడితో ఆగిపోతే ఈ ప్రసంగమే లేదు.

మా మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం. వాడు కారు కొనలేదు, లీజుకి తీసుకున్నాడు. నెలకు 17,500 కడతాడు. బీమా, సర్వీసింగు, అన్నీ అందులోనే. బండి లీజు కంపెనీదే, మూడేళ్లయ్యాక తిరిగిచ్చేస్తాడు. ‘మావయ్యా, ఈ రిపేర్ల టెన్షన్ నీకెందుకు, నువ్వూ ఒకటి తీసుకో’ అని ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. ఒకటికి పదిసార్లు వింటే ఎవరికైనా కొంచెం ఆశ పుడుతుంది కదా. నాకూ పుట్టింది.

అప్పుడు మా ఆవిడ ఒక మాటంది. ‘ఏమండీ, ఈ బండికి మనం నెలకెంత పెడుతున్నామో మీకు తెలుసా?’ నాకు తెలీదు. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, నాకు తెలీదు! మెకానిక్‌కి ఆరువేలు ఇచ్చిన రోజున, ఈ బండి నన్ను తినేస్తోందనుకుంటాను. ఏమీ ఇవ్వని నాలుగు నెలలు మాత్రం గుర్తుండవు.

అందుకని పాత బిల్లులన్నీ ముందేసుకుని, 2023 దసరా నుంచి 2025 దసరా దాకా ఒక నోట్‌బుక్కులో రాశాను. నాలుగు టైర్లు 13,200. బ్యాటరీ 4,100. క్లచ్ ప్లేట్ 6,800. నాలుగు సర్వీసింగులకి 10,400. రెండేళ్ల బీమా 5,600. ఏసీ పైపు, గ్యాసు 5,300. ఆర్‌సీ 5,000. గ్రీన్ ట్యాక్స్, పంక్చర్లు, వైపరు, ఒక అద్దం కలిపి 2,000. మొత్తం 52,400. ఇరవై నాలుగు నెలలకి పంచితే నెలకు రెండు వేల రెండొందలు కూడా లేదు. పెట్రోలు కలపలేదు, అది ఏ బండికైనా పోయాల్సిందే. కాకపోతే ఒకటుంది, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత బండ్లకి దానివల్ల మైలేజీ కాస్త తగ్గుతుంది, రబ్బరు గొట్టాలు ముందుగా మార్చాల్సి రావచ్చు. నేను ఒక గొట్టం మార్పించాను. అది ఆ సర్వీసింగు బిల్లులోనే ఉంది.

రెండు వేల రెండొందలు ఒక పక్క, పదిహేడు వేల ఐదొందలు ఒక పక్క. ఇంకేముంది, గెలిచేశాం అనుకున్నాను. కాలర్ ఎగరేసుకుంటూ మా మెకానిక్ దగ్గరికెళ్లి నోట్‌బుక్కు చూపించాను. విజయనగరంలో దాసన్నపేట వైపు చిన్న షెడ్డు అతనిది, మాట తక్కువ. నోట్‌బుక్కు వంక చూడనైనా చూడలేదు.

‘ఇంజన్‌కేటండి మాస్టారూ, పని చేయిస్తే మళ్లీ పరిగెడతాది. అడుగు ఎప్పుడు చూశారు?’ అన్నాడు.

ఎప్పుడూ చూడలేదు. పదహారేళ్లలో ఒక్కసారి కూడా వంగి చూడలేదు.

బండిని వాటర్ సర్వీసింగ్ ర్యాంపు మీదికి ఎక్కించి, చేతిలో ఒక పాత స్క్రూడ్రైవర్ పట్టుకుని కిందికి దూరాడు, నన్నూ రమ్మన్నాడు. రేకు మీద అక్కడక్కడా పొడుస్తూ పోతున్నాడు. టక్, టక్, టక్. గట్టిగా మోగుతోంది. డ్రైవర్ సీటు కిందికొచ్చేసరికి మోగలేదు. పుసుక్కున లోపలికి దిగిపోయింది. అటుకులు రాలినట్టు తుప్పు నా చొక్కా మీద రాలింది. నా కాళ్ల కింద, రోజూ నేను కాళ్లు పెట్టుకునే చోట, అరచేతంత రేకు లేదు. పైన మ్యాట్ ఉంది కాబట్టి నాకు తెలీలేదు.

‘సముద్రం పక్కనేటైనా ఉన్నాదా ఈ బండి?’ అని అడిగాడు. ఉంది. నాలుగేళ్లు కళింగపట్నంలో ఉద్యోగం చేశాను, షెడ్డు లేని ఇల్లు, బండి బయటే. ఉప్పుగాలి. మన భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం పక్క ఊళ్లవాళ్లందరికీ ఇది చెబుతున్నాను. అక్కడి బండికి పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, పని కింద జరిగిపోతుంది.

అదృష్టం ఏమిటంటే, పోయింది ఒక్కచోటే. ముందు చక్రాల బరువంతా మోసే చోట్లు, వెనక యాక్సిల్ బిగించిన చోట్లు, సీటు బెల్టు బోల్టులు ఉన్న చోట్లు, అన్నీ టక్ టక్ అన్నాయి. ‘ఇవి మెత్తబడితే మాత్రం నేనే వద్దనేద్దును’ అన్నాడు. రేకు కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేసి, కింద నల్లటి కోటింగ్ కొట్టి, టింకరింగ్ పనితో కలిపి 18,000 తీసుకున్నాడు. నోట్‌బుక్కులో అదీ రాశాను. 70,400. నెలకు మూడు వేల లోపే. లీజు మూడేళ్లకి 6,30,000 అవుతుంది, ఆఖరున తాళం వాళ్ల చేతిలో పెట్టి ఆటో ఎక్కి రావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి దిగింది కూడా, ఆ డబ్బుకి చిన్న కారు సొంతంగానే వస్తుంది.

అలాగని మా మేనల్లుడు తెలివితక్కువవాడని అనడం లేదు. వాడికి జీతంలోంచే లీజు పోతుంది, పన్ను కొంత కలిసొస్తుంది, ఎప్పుడు ఏ ఊరికి మారుస్తారో తెలీదు. వాడికి అదే సరి. ఇంకో మాట, ఇది నాకే కొంచెం ఇబ్బందిగా ఉన్న మాట. నా బండిలో ఎయిర్‌బ్యాగు లేదు, గట్టిగా బ్రేకేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. రోజూ పదహారో నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య విశాఖ వెళ్లొచ్చే మనిషికి నా లెక్క వర్తించదు. అలాంటివాళ్లు కొత్తది తీసుకోండి, లీజో, అప్పో, మీ ఇష్టం. నాది ఊళ్లో బండి. విశాఖ వెళ్లాలంటే నేను రైలెక్కుతాను.

మొన్నటి పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి మా మేనల్లుడు ఆ లీజు కారులోనే వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ దాని చుట్టూ తిరగడమే. తిరిగిచ్చేటప్పుడు గీతలు లెక్కపెడతారట, సొట్టలకి డబ్బులు కట్టించుకుంటారట, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దట. సిరిమాను తిరిగే మంగళవారం ఆ జనంలో దాన్ని బయటికి తీయనన్నాడు. అందరం ఆల్టోలోనే వెళ్లగలిగినంత దూరం వెళ్లి, అక్కడి నుంచి మూడు లాంతర్ల సెంటర్ దాకా నడిచాం. ఎవరిదో సైకిలు హ్యాండిల్ మా బండి తలుపు మీద ఒక గీత గీసింది. వాడు అయ్యో అన్నాడు. నేను చూడను కూడా చూడలేదు.

టైమైపోయింది, గాజు అవతల నుంచి చెయ్యి ఊపుతున్నారు. నెలకి పదిహేడు వేల కాగితం మీద సంతకం పెట్టే ముందు మీ పాత బండిని ఒక్కసారి ర్యాంపు ఎక్కించండి. ఒక స్క్రూడ్రైవర్, ఒక పావుగంట. నాది వర్షాలు పడే ముందు మళ్లీ ఎక్కుతుంది. ఆ రోజు వెనక యాక్సిల్ దగ్గర టక్ అనకుండా పుసుక్కుమందంటే, మా మేనల్లుడికి నేనే ఫోన్ చేసి ఆ లీజు కంపెనీ నంబరు అడుగుతాను.