ఏ ఇంటికి ఏ సైజు? బొగ్గుల గ్రిల్లు కబుర్లు

బావ: పడుతోందా? ఎర్ర చుక్క రావట్లేదు.

మరిది: పడుతోంది బావా. ఆ స్టూలు మాత్రం కదపకు. పోయిన వారం మనకన్నా స్టూలే బాగా మాట్లాడిందని పర్లాకిమిడి నుంచి మెసేజ్ వచ్చింది.

బావ: స్టూలుకి కూడా అభిమానులున్నారు. సరే, నమస్కారం, రాయగడ నుంచి మేమే. ఈ వారం సెరామిక్ బొగ్గుల గ్రిల్లు. ఇంట్లో వండుకోవడానికి ఏ సైజు కొనాలి అని. అడిగింది పార్వతీపురం టీచరుగారు.

మరిది: మేక టీచరుగారా?

బావ: మేక మాట ఎత్తొద్దని ఒట్టు వేయించుకున్నారాయన. వదిలెయ్.

మరిది: వదిలేశాను. కొత్తగా వినేవాళ్ళకి ఒక ముక్క. మందపాటి సెరామిక్ పొయ్యి, దాని మీద అంతే మందం మూత. కింద ఒక గాలి రంధ్రం, పైన ఒకటి. ఆ రెంటినీ తెరుస్తూ మూస్తూ వేడి అదుపు చేసుకోవాలి. జపాన్‌లో అన్నం వండుకునే పాత మట్టిపొయ్యి దీనికి మూలం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైనికులు ఇష్టపడి ఇళ్ళకి తీసుకెళ్ళారు. 1974లో అట్లాంటాలో బిగ్ గ్రీన్ ఎగ్ కంపెనీ మొదలైంది. ఇప్పుడు కమాడో జో లాంటి కంపెనీలు కూడా...

బావ: అసలు సంగతి చెప్పవేం? రెండు రంధ్రాలూ మూసేస్తే గాలి ఆడక నిప్పు ఆరిపోతుంది. మిగిలిన బొగ్గు మళ్ళీ వాడుకోవచ్చు.

మరిది: మొదలైంది. నీకు వంట కన్నా మిగిలిన బొగ్గు మీద మమకారం.

బావ: ఇస్త్రీ బండి అతన్ని బతిమాలి బొగ్గు తెచ్చేది నేను. మమకారం ఉండదా మరి?

మరిది: సైజులు చెప్పనీ. జాలీ ఎంత వెడల్పో దాన్నిబట్టి లెక్క. బిగ్ గ్రీన్ ఎగ్‌లో అన్నిటికన్నా చిన్నది 25 సెంటీమీటర్లు. ఆపైన 33, 38, 46, 61, ఆఖరున 74. ఎక్కువమంది కొనేది 46. ఇక్కడే జనం పొరబడతారు. 33కీ 46కీ పెద్ద తేడా ఏముందిలే అనుకుంటారు. జాలీ గుండ్రం కదా, చోటు లెక్కేస్తే 33లో 850 చదరపు సెంటీమీటర్లు, 46లో 1,660. దాదాపు రెట్టింపు.

బావ: 33లో కోడి పడుతుందా?

మరిది: మోస్తరు కోడి పూర్తిగా పడుతుంది. కాకపోతే ఒక పక్క నిప్పు, ఇంకో పక్క నీడ అని విడదీసుకునే చోటుండదు. 46లో సగానికి వేడిని ఆపే పలక అడ్డం పెట్టి, ఇటు ముక్కలు కాల్చి అటు మగ్గబెట్టొచ్చు. నలుగురైదుగురున్న ఇంటికి అదే సరి. పండక్కి పాతికమంది వస్తారని 61 కొంటే, మిగతా రోజుల్లో రెండు చేపల కోసం అంత సెరామిక్‌నీ వేడి చెయ్యాలి.

బావ: బోలెడు బొగ్గు!

మరిది: నేనే అన్నాను, నీకు ఆ అవకాశం ఇవ్వకుండా.

బావ: పైగా 46దే 70 కిలోలు దాటుతుంది. 61 అయితే దాదాపు 100. మన మేడ మెట్ల మలుపు దగ్గర బీరువానే తిరగలేదు. కింద పడితే సెరామిక్ అతుకుతుందా? అయినా నాకు మనసు పడింది కోడి కోసం కాదు. ఒడియావాళ్ళ పండగ, రజ సంక్రాంతి వస్తోంది. ఆ పండక్కి నిప్పుల మీద కాల్చే పిండివంట, పొడపిఠా కోసం.

మరిది: అమ్మ వింటే అయిపోతావు.

బావ: వినేశారు. మొన్న భోజనాల దగ్గర అననే అన్నారు, "నీచు తగిలిన పొయ్యిలో పిఠా ఏటి నాయనా" అని.

మరిది: దానికి జవాబుంది. ఖాళీ గ్రిల్లుని 300 డిగ్రీలకి తెచ్చి కాసేపు వదిలితే జాలీకి అంటుకున్నదంతా బూడిదైపోతుంది.

బావ: జాలీది పోతుంది. మూత లోపల? అక్కడ నున్నటి పూత ఉండదు. కొవ్వు పొగ దానికి పడుతూనే ఉంటుంది. సబ్బు పెట్టి కడగకూడదని నువ్వే చెప్పావు, పీల్చేసుకుంటుందని. సబ్బుని పీల్చేది కోడిని పీల్చదా?

మరిది: అగ్నికి మైల లేదు బావా.

బావ: అదే అన్నాను అత్తయ్యతో. "అగ్నికి లేదు, గిన్నెకి ఉంది" అన్నారు. ఏం చెప్తావు?

మరిది: అమ్మకి నీచు గిన్నెలు వేరే, నీచు గరిటె వేరే. గ్యాస్ పొయ్యి మాత్రం ఒకటే కదా, అది అడిగావా?

బావ: నేను ఆ ఇంటి అల్లుణ్ణి. నువ్వు అడుగు.

మరిది: ...

బావ: కార్తీకం వస్తే ఇంకా చిక్కు. ఇటు మనమూ ముట్టం, అటు ఒడియావాళ్ళూ ముట్టరు. వీధి మొత్తం నెలంతా శాకాహారమే. అన్ని రోజులు ఆ గ్రిల్లు మేడ మీద కప్పుకుని కూర్చోవాలా?

మరిది: వంకాయ కాల్చి పచ్చడి చేసుకో.

బావ: కోడి వాసన వంకాయా? వెనకింటి మాఉసి, ఆ ఒడియా పిన్నిగారు గుర్తుందా నీకు? రజకి ముందు రోజు బియ్యం, మినప్పప్పు రుబ్బి, బెల్లం, కొబ్బరి కలిపి, గిన్నెలో అరిటాకు పరిచి పోసేది. కింద నిప్పులు, మూత మీద నిప్పులు. రాత్రంతా అలా వదిలేసేది. పొద్దున్న తీస్తే ఆకు ఈనెలు పిఠా అట్ట మీద అచ్చు పడి ఉండేవి. మీ అక్క, నేను కొత్తగా కాపురం పెట్టినప్పుడు ఆ మాడిన అంచు ముక్క మాకే కోసిచ్చేది.

మరిది: ఇప్పుడు ఎక్కడుంటున్నారు?

బావ: కొడుకు దగ్గర, బరంపురంలో. ఫోన్ చేస్తే మాట సరిగా వినపడట్లేదు ఆవిడకి.

మరిది: చేద్దాం బావా, రజ నాడు.

బావ: చేద్దాం. చూడు, ఆవిడ కింద, పైన నిప్పులతో చేసింది ఈ గ్రిల్లులో కుదురుతుంది. నిప్పు మీద పలక అడ్డం పెట్టి, రంధ్రాలు సన్నగా తెరిస్తే ఒక్కసారి పోసిన బొగ్గుతో రాత్రంతా 110 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. మిగిలితే మళ్ళీ...

మరిది: మళ్ళీ వాడుకోవచ్చు. తెలిసింది. నాకో ఆలోచన. 33వి రెండు కలిపితే 1,700 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక 46. నీచుకి ఒకటి, పిఠాకి ఒకటి. అమ్మా సంతోషం, నువ్వూ సంతోషం.

బావ: రెండు ధరలో?

మరిది: ధర గట్టిగా అనకు, అక్క పక్క గదిలోనే ఉంది.

బావ: అయినా రెండు చిన్నవి ఒక పెద్దదానితో సమానం కావని ఇందాక నువ్వే అన్నావు, నిప్పూ నీడా అని.

మరిది: అన్నాను. అది కోడికి. పిఠాకి నీడ అక్కర్లేదు.

బావ: తప్పించుకుంటున్నావు. సరే, మూత సంగతి చెప్పెయ్, టీచరుగారు తొందర మనిషి.

మరిది: బాగా వేడి మీద ఉన్నప్పుడు మూత ఒక్కసారిగా ఎత్తకూడదు. వైజాగ్‌లో స్నేహితుడి మేడ మీద చూశాను. గాలి లోపలికి దూసుకెళ్ళి మంట భగ్గుమని బయటికొచ్చింది, ముంజేతి వెంట్రుకలు కమురు వాసన. రెండు వేళ్ళ సందు ఎత్తి, ఆగి, అప్పుడు తెరవాలి. వానొచ్చిందని వరండాలోకి లాగి తలుపులు మూసుకుని వెలిగించారంటే బొగ్గుల గాలికి ప్రాణం మీదకొస్తుంది. కిరసనాయిలు చల్లొద్దు, సెరామిక్‌కి ఆ వాసన పడితే పోదు.

బావ: అత్తయ్య ఆ మాట కూడా పట్టుకుంటారు. కిరసనాయిలు వాసన పోనిది, కోడి వాసన ఎలా పోతుంది అంటారు.

మరిది: బావా, నువ్వు ఎవరి పక్క?

బావ: ఎవరు పిఠా చేసిపెడితే వాళ్ళ పక్క. అదిగో, కరెంటు పోయింది. రికార్డరు ఉందా, పోయిందా?

మరిది: నాలుగు శాతం ఉంది. టీచరుగారికి 46 అని చెప్పి ఆపేద్దాం.

బావ: వాళ్ళింట్లో పెద్దవాళ్ళు నీచు పట్టింపు ఉన్నవాళ్ళో కాదో కనుక్కోకుండా ఎలా చెప్తాం?

మరిది: మూడు శాతం.

బావ: అయితే బొగ్గు పేర్చడం ఒక్కటి చెప్పేస్తాను. పెద్ద ముక్కలు అడుగున, చిన్నవి పైన. చిన్నవి అడుగున పోస్తే కింద రంధ్రాలు పూడిపోయి గాలి ఆడదు. మిఠాయి బిళ్ళల్లాగా అచ్చు పోసిన బొగ్గు కొనకండి, బూడిద ఎక్కువ. సరుగుడు బొగ్గయితే...