కరెంటు పెట్టుకుని కదలండి: మోకాలి, నడుం నొప్పుల వ్యాయామంలో టెన్స్ వాడకం

అందరికీ నమస్కారం.

ఫిజియోథెరపీ అనగానే మన ఊళ్లో చాలామందికి ముందు గుర్తొచ్చేది ‘కరెంటు పెట్టించుకోవడం’. మంచం మీద పడుకుంటారు, మోకాలికో నడుముకో ప్యాడ్లు అంటిస్తారు, ఇరవై నిమిషాలు జివజివమంటుంది, లేచి ఆటో ఎక్కుతారు. ఇంటి మెట్లు ఎక్కేసరికి నొప్పి మళ్లీ మొదలు. ‘కరెంటు పనిచెయ్యలేదండీ’ అంటారు. నిజానికి పనిచేసింది. కానీ అది పనిచేసిన కాసేపూ మీరు పడుకుని ఉన్నారు. ఆ కరెంటు ఇచ్చేది టెన్స్ అనే యంత్రం. అది ఇచ్చే ఉపశమనం చాలావరకు అది నడుస్తున్నంతసేపు, ఆపాక ఇంకొంచెంసేపు ఉంటుంది. ఆ కొద్ది సమయాన్నీ వ్యాయామానికి వాడుకోవాలని చెప్పడానికే ఇవాళ వచ్చాం.

మోకాలు మంచంకోడుకి కొట్టుకుంటే ఏం చేస్తాం? వెంటనే చేత్తో రుద్దుకుంటాం, నొప్పి తగ్గినట్టుంటుంది. స్పర్శను మోసే నరాలు లావువి, నొప్పిని మోసేవి సన్నవి. లావు నరాల నుంచి కబురు ఎక్కువగా వస్తుంటే వెన్నుపాము దగ్గరే నొప్పి కబురు అణుగుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పిన ‘గేటు’ సిద్ధాంతం ఇదే. టెన్స్ ఆ లావు నరాలనే చర్మం పైనుంచి కరెంటుతో తడుతుంది. తర్వాతి పరిశోధనల్లో మరో సంగతి తెలిసింది. మెదడు, వెన్నుపాము తమంతట తాము తయారుచేసుకునే నొప్పి మందులు కూడా దీనివల్ల విడుదలవుతాయి.

కదిలేటప్పుడు వచ్చే నొప్పి మీద దీని ప్రభావాన్ని చూసిన అధ్యయనాల్లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం బృందం 2020లో ప్రచురించినది ముఖ్యమైనది. ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా ఎడతెగని నొప్పులుండే జబ్బు, ఉన్న 301 మంది స్త్రీలను మూడు గుంపులు చేశారు: నిజమైన టెన్స్, కరెంటు రాని ఉత్తుత్తి టెన్స్, అసలు ఏదీ లేనివారు. నాలుగు వారాలు, రోజుకు రెండు గంటలు, పనుల్లో ఉండగానే పెట్టుకోమన్నారు. కదలికలో నొప్పి నిజమైన టెన్స్ వాడినవారికే ఎక్కువ తగ్గింది. రెండో పక్కా చెప్పాలి. బ్రిటన్‌లో వైద్యులకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల్లో కారణం తేలని దీర్ఘకాలిక నొప్పికి టెన్స్ ఇవ్వొద్దంది, వ్యాయామం చేయించమంది. మా అభిప్రాయంలో ఈ రెండింటికీ మధ్య పెద్ద గొడవ లేదు. వైద్యం వ్యాయామమే. నొప్పి భయంతో వ్యాయామం మొదలుపెట్టలేనివారికి టెన్స్ చేతికర్ర లాంటిది. దాన్ని చికిత్స అనుకుంటే నిరాశ పడతారు.

ఇక యంత్రం. జేబులో పట్టే డబ్బా, రెండు ఛానళ్లు, ఒక్కో ఛానల్‌కి రెండు చొప్పున నాలుగు ప్యాడ్లు ఉంటే చాలు. కొనేముందు అది టెన్సేనా, ఈఎంఎస్ యంత్రమా అని అడగండి. ఈఎంఎస్ కండరాన్ని బిగించేస్తుంది. మెట్ల మీద ఉండగా తొడ కండరం ఒక్కసారి బిగిస్తే పడిపోతారు. రెండూ కలిసి ఉన్న యంత్రమైతే ప్రతిసారీ తెర మీద ఏ మోడ్ ఉందో చూసుకునే మొదలుపెట్టాలి. వేగం 100 హెర్ట్జ్, అంటే సెకనుకు వంద తట్లు, పల్స్ వెడల్పు, అంటే ఒక్కో తట్టు నిడివి, 200 మైక్రోసెకన్లు పెట్టండి. మొత్తం కలిపితే సెకనులో యాభయ్యో వంతు కాలమే కరెంటు పారుతుంది, మిగతాదంతా ఖాళీ. చిన్న బ్యాటరీ అన్ని రోజులు రావడానికి కారణం ఇదే. రోజూ ఒకే అమరిక వాడితే శరీరం దానికి అలవాటుపడుతుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో నాలుగైదు రోజుల్లోనే ఫలితం పడిపోయింది. అందుకే యంత్రంలో ‘మాడ్యులేషన్’ అనే మోడ్ ఉంటే అది ఎంచుకోండి, వేగం తనంతట తానే మారుతూ ఉంటుంది.

ప్యాడ్ల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు, అందుకే దీని మీద కాస్త నిలబడదాం. 5 సెంటీమీటర్లు పొడవు, 5 సెంటీమీటర్లు వెడల్పు ఉన్న ప్యాడ్ వైశాల్యం 25 చదరపు సెంటీమీటర్లు. చెమటకి అందులో సగం ఊడిందనుకోండి. చాలా యంత్రాలు మీరు పెట్టిన కరెంటునే పంపిస్తూ ఉంటాయి కాబట్టి అదే కరెంటు మిగిలిన సగంలోంచి దూరుతుంది. చర్మానికి తగిలే ధాటి రెట్టింపవుతుంది. సూదులు గుచ్చినట్టు చురుక్కుమంటుంది. ‘షాక్ కొట్టింది’ అని యంత్రం పక్కన పడేస్తారు. జెల్ ఎండిపోయిన ప్యాడ్‌తో కూడా ఇదే జరుగుతుంది.

విశాఖ ఉక్కపోతలో చెమట తప్పదు. అందుకని బయటికి వెళ్లేముందే, ఫ్యాను కింద, చర్మం పొడిగా ఉన్నప్పుడు అంటించండి. ముందు సబ్బుతో కడిగి తుడవాలి. కొబ్బరినూనె, నొప్పి బామ్, పౌడరు ఏదీ ఉండకూడదు. వెంట్రుకలు ఎక్కువుంటే కత్తెరతో కురచ చేయండి. అప్పుడే బ్లేడుతో గీస్తే ఆ గాట్ల దగ్గర మంటపుడుతుంది. మోకాలికైతే కుర్చీలో కూర్చుని కాలు కొద్దిగా వంచి అంటించాలి. కాలు చాచి అంటిస్తే, వంచగానే చర్మం సాగి ప్యాడ్ అంచులు లేస్తాయి. మోకాలి చిప్ప మీద అంటించకండి, దాని చుట్టూ నాలుగు మూలల్లో పెట్టండి. మొదటి ఛానల్ ప్యాడ్లు పైన లోపలివైపు ఒకటి, కింద బయటివైపు ఒకటి. రెండో ఛానల్‌వి పైన బయటివైపు, కింద లోపలివైపు. రెండు ఛానళ్లూ మోకాలి మీద ఇంటూ గుర్తులా అడ్డంగా దాటాలి. ప్యాడ్‌కీ ప్యాడ్‌కీ మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఎడం ఉంచండి. నడుముకైతే వెన్నెముక ఎముక మీద వద్దు, దానికి ఇరుపక్కలా ఉన్న కండరాల మీద పైన రెండు, కింద రెండు. వైరును కొంచెం వదులుగా చుట్టి టేపుతో చర్మానికి అతికిస్తే అడుగు వేసినప్పుడల్లా ప్యాడ్‌ను లాగదు.

తర్వాత కరెంటు మోతాదు. చీమలు పాకినట్టు లీలగా తెలిస్తే అది చాలదు. టెన్స్ పనిచెయ్యలేదనేవారిలో ఎక్కువమంది అక్కడే ఆగిపోయినవారు. ఒక్కో మెట్టు పెంచుతూ పోండి. ఇక ఇబ్బందిగా ఉందనిపించిన చోట ఆగి, ఒక మెట్టు తగ్గించండి. గట్టిగా జుమ్మనాలి, నొప్పి పుట్టకూడదు, కండరం ఎగరకూడదు. అయిదారు నిమిషాలకు అలవాటై పలచబడినట్టుంటుంది, అప్పుడు మళ్లీ ఒక మెట్టు పెంచండి. తెర మీద అంకెను మీ పక్కవారి అంకెతో పోల్చుకోకండి. మరో చిన్న సంగతి: బయల్దేరేముందు తాగే కాఫీ. 200 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకుంటే టెన్స్ ఫలితం తగ్గుతుందని ఒక చిన్న ప్రయోగంలో కనబడింది. కాఫీ నడక అయ్యాక తాగితే పోయేదేముంది?

యంత్రం ఆన్ చేసి పది నిమిషాలు కూర్చోండి, ఆ తర్వాత కదలండి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం ఎనిమిదిసార్లు, రెండు విడతలు. కష్టమైతే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచుకోండి. తర్వాత చదునైన నేల మీద పది నిమిషాల నడక. బీచ్ ఇసుకలో వద్దు, రోడ్డు మీదే. యంత్రం ఇరవై ముప్పై నిమిషాలకు దానంతటదే ఆగిపోయే రకమైతే టైమర్ ముందే పెంచుకోండి. లేకపోతే సరిగ్గా తిరుగు నడకలో ఆగిపోతుంది.

నొప్పి తెలియకపోతే కీలు ఇంకా అరిగిపోదా అని అడుగుతారు. న్యాయమైన భయమే. టెన్స్ మత్తు సూది కాదు, నొప్పిని పూర్తిగా చెరిపెయ్యదు. అయినా మొదటి వారం యంత్రం ఉంది కదా అని దూరం పెంచకండి. సున్నా నుంచి పది దాకా కొలిస్తే నడకలో నొప్పి నాలుగైదు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి రావాలి. అలా వస్తే వారానికి రెండు మూడు నిమిషాలు కలపండి. మోకాలు వాచినా, వేడెక్కినా సగానికి తగ్గించండి. ఇదంతా నెలల తరబడి ఉన్న నొప్పి సంగతి. నిన్న కాలు మడతపడితే టెన్స్ పెట్టుకుని నడవకూడదు, ముందు డాక్టరుకి చూపించాలి.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేద్దామనుకునే మోకాళ్ల నొప్పులవారికి ప్రత్యేకంగా చెప్తున్నాం. అది సుమారు 32 కిలోమీటర్లు. ఆ ఒక్కరోజు యంత్రం కట్టుకుని నెట్టుకొద్దామంటే కుదరదు. వానలో, చెమటలో ప్యాడ్లు నిలవవు, తడిస్తే యంత్రమూ నిలవదు. నెలల ముందు నుంచే నడక పెంచుకుంటూ వచ్చినవారికే ఆ దూరం సాధ్యం.

పేస్‌మేకర్ గానీ, గుండెకు షాక్ ఇచ్చే పరికరం గానీ ఉన్నవారు టెన్స్ వాడకూడదు. గర్భిణులు, మూర్ఛ ఉన్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవారు డాక్టరు చెప్పకుండా ముట్టుకోవద్దు. మెడ ముందు భాగాన, కళ్ల దగ్గర, ఛాతీకి అడ్డంగా, పుండు మీద ఎవరూ పెట్టకూడదు. బండి నడుపుతూ వద్దు. షుగరు వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవారికి కరెంటు ఎక్కువైనా తెలియదు, చర్మం కాలుతుంది. అంటించబోయే చోట కళ్లు మూసుకుని అగ్గిపుల్ల కొసకీ దూదికీ తేడా చెప్పగలిగితేనే అక్కడ పెట్టండి. తీశాక కాస్త ఎర్రగా ఉండి గంటలో పోతే పర్వాలేదు. పొక్కితే మానేయండి.

ఆపేటప్పుడు కరెంటు సున్నాకి తెచ్చాకే ప్యాడ్ తీయాలి. వైరు పట్టుకుని లాగకుండా ప్యాడ్ అంచు పట్టుకుని ఒలవండి. జెల్ మీద ఒక నీటిచుక్క రాసి, ప్లాస్టిక్ షీటుకి అంటించి జిప్ కవర్లో పెడితే ఇరవై ముప్పైసార్లు వస్తాయి.

ఇప్పుడు నాలుగు కుర్చీల దగ్గర అంటించి చూపిస్తాం. పేస్‌మేకర్ ఉన్నవారు, ఇందాక వద్దని చెప్పిన ఇతరులు చూడండి, పెట్టించుకోవద్దు. మిగతావారికి ముందు అగ్గిపుల్ల పరీక్ష, ఆ తర్వాతే ప్యాడ్లు. మోకాళ్లకి నూనె రాసుకుని వచ్చినవారు పక్కనున్న కుళాయి దగ్గర సబ్బుతో కడుక్కుని, బాగా తుడుచుకుని రండి.