ఒహాయో ఒడ్డున మొదటి గొలుసు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు, హోదాలు రాసిన చీటీ ఒకటి నా చేతికిచ్చారు. అది చదివితే నాకిచ్చిన అరగంటలో పది నిమిషాలు దానికే సరిపోతాయి. అందుకని అందరికీ కలిపి ఒకే నమస్కారం, మన్నించండి. వెనక వరసలో పిల్లలున్నారు, వాళ్లని ముందుకు పంపండి. ఈ మాటలు ఎక్కువగా వాళ్లకే.

ఈ అమెరికా దేశానికి స్వాతంత్ర్యం వచ్చి 250 ఏళ్లయిన సందర్భంగా, తొలిరోజుల్లో ఇది ఎలా పెరిగిందో చెప్పమన్నారు. నేను చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి కాను. 33 ఏళ్లు భూమి కొలిచాను. సర్వేయరుగా చేరి సర్వేయరుగానే రిటైరయ్యాను. ఒహాయో రాష్ట్రంలోని ఈ కొలంబస్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఈ గ్రంథాలయంలో కూర్చుని ఇక్కడి భూమి చరిత్ర చదివాను. కాబట్టి నేను చెప్పేది యుద్ధాల వైపు నుంచి కాదు, అధ్యక్షుల వైపు నుంచీ కాదు. భూమి కొలిచే గొలుసు వైపు నుంచి.

1783 సెప్టెంబరు 3న పారిస్‌లో సంతకాలయ్యాయి. మిసిసిపీ నది దాకా ఉన్న నేలంతా బ్రిటన్ ఈ కొత్త దేశానికి వదిలేసింది. ఆ నేల మీద షానీలు, మయామీలు, లెనాపేలు, వైయాన్‌డాట్లు, ఇంకా ఎన్నో ఆదివాసీ తెగలు ఉన్నాయి. ఆ బల్ల దగ్గర వాళ్ల మనిషి ఒక్కడు లేడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

అప్పటికే ఇంటిలోపల పంపకాల తగాదా నడుస్తోంది. వర్జీనియాలాంటి రాష్ట్రాలు పడమటి నేల తమదంటాయి. మేరీలాండ్ లాంటి వాటికి అలా చెప్పుకునే హక్కు లేదు. ఆ పడమటి నేల అందరిదీ అని ఒప్పుకుంటేనే పదమూడు రాష్ట్రాలనూ కలిపే ఉమ్మడి ఒప్పందం మీద సంతకం పెడతానని మేరీలాండ్ పట్టుబట్టింది. పెద్ద రాష్ట్రాలు దిగివస్తున్న జాడ కనిపించాకే, 1781 మార్చిలో పెట్టింది. ఒహాయో నదికి వాయవ్యంగా ఉన్న నేలను వర్జీనియా 1784లో అప్పగించింది. అన్నదమ్ములు వాటాలు వదులుకుని ఉమ్మడి ఆస్తి చేసిన ఇల్లు ఇది. ఈ దేశపు తొలి బలం అక్కడుందని నేను గట్టిగా నమ్ముతాను. యుద్ధం అప్పులు నెత్తిన ఉన్నాయి, పన్ను వేసే అధికారం కేంద్రానికి లేదు. అమ్ముకోవడానికి ఉన్నది నేల. అమ్మాలంటే ముందు కొలవాలి.

1785 మే 20న చట్టం చేశారు. నేలను ఆరు మైళ్ల చదరాలుగా విడగొట్టాలి. ఒక్కో చదరం ఒక టౌన్‌షిప్. అందులో 36 చెక్కలు, ఒక్కో చెక్క చదరపు మైలు, 640 ఎకరాలు. పదహారో నంబరు చెక్క ఆ ఊరి బడికి. పిల్లలూ, వినండి: ఇంకా ఊరు లేదు, ఇళ్లు లేవు, బడి పిల్లలు పుట్టలేదు. అయినా పటం మీద బడికి జాగా ముందే పెట్టారు. మూడు దశాబ్దాలు పటాలు గీసిన నాకు ఇది చదివినప్పుడు ఒళ్లు పులకరించింది.

థామస్ హచిన్స్ అనే ఆయన ఆ సర్వేకి పెద్ద. 1785 సెప్టెంబరు 30న, పెన్సిల్వేనియా హద్దు ఒహాయో నదిని తాకేచోట, ఇప్పటి ఈస్ట్ లివర్‌పూల్ దగ్గర ఉత్తరపు ఒడ్డున గొలుసు పట్టారు. అక్కణ్ణించి పడమటికి గీత. ఈ దేశంలో చదరాలుగా కొలిచిన నేలకంతటికీ అదే మొదటి మేకు.

ఆ గొలుసు సంగతి చెప్పాలి. చెప్పకుండా నేను ముందుకు పోలేను. దాని పేరు గంటర్ గొలుసు. ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషాయన 1620లో చేసిపెట్టిన కొలత. పొడవు 66 అడుగులు, నూరు లింకులు. ఎనభై గొలుసులైతే మైలు. పది చదరపు గొలుసులైతే ఎకరం. అదే గొలుసును ఇంగ్లీషువాళ్లు మన దగ్గరికీ తెచ్చారు. మీ నాన్నగారు ఫోన్లో "ఆ ముప్పై సెంట్లు అమ్మేద్దామా" అని అడుగుతారు చూడండి, ఆ సెంటు ఎకరంలో నూరో వంతు, ఈ గొలుసు లెక్కలో వెయ్యి చదరపు లింకులు. తెలంగాణ వాళ్ల గుంట 33 అడుగుల చదరం, సరిగ్గా అరగొలుసుకు అరగొలుసు. నేను ఉద్యోగంలో చేరేనాటికి మీటర్లు వచ్చేశాయి. కానీ పాత ఎఫ్.ఎం.బి.ల్లో, అంటే పొలాల కొలతల పుస్తకాల్లో, కొలతలన్నీ లింకుల్లోనే ఉండేవి. అందుకని శిక్షణలో మాకు ఆ గొలుసే చేతికిచ్చారు. ఎండలో కాలిన ఇనుప గొలుసు అరచేతిని ఎలా కాలుస్తుందో నాకు తెలుసు. హచిన్స్ మనుషుల అరచేతులు నాకు తెలుసు. అందుకే ఈ కథ నాకు పరాయిది కాదు.

చట్టం సర్వేయర్లకు ఇంకో పని కూడా చెప్పింది. గీత మీద ఎదురైన గనులు, ఉప్పు ఊటలు, మరలు పెట్టడానికి అనువైన నీటి జాగాలు, అన్నీ రాయాలి. మూలమూలకీ దగ్గర్లోని చెట్టుకు గంటు పెట్టి అది ఏ జాతి చెట్టో, ఎంత లావో, మేకుకు ఎన్ని లింకుల దూరంలో ఉందో రాసేవారు. సాక్షి చెట్లు అంటారు వాటిని. అప్పటి అడవి ఎలా ఉండేదో ఇప్పటి శాస్త్రవేత్తలు ఆ పుస్తకాల్లోంచే పోల్చుకుంటున్నారు. ఓక్ చెట్టు రాశారు, బీచ్ చెట్టు రాశారు. ఆ చెట్ల కింద ఎవరి నేల అన్న గడి మాత్రం ఆ పుస్తకంలో లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. అనుకున్న ప్రసంగంలో ఇది లేదు.

1984లో నా మొదటి పోస్టింగు శ్రీకాకుళం జిల్లా ఏజెన్సీలో. ఒక సవర గూడెం పక్కన బీడు కొలుస్తున్నాం. నేను, ఇద్దరు చైన్‌మన్లు. బీడు మధ్యలో ముగ్గురు చేతులు కలిపినా అందనంత చింతచెట్టు. ఒక ముసలమ్మ పొద్దుటినుంచీ దాని మొదట్లో కూర్చుని మమ్మల్నే చూస్తోంది. సాయంత్రం నేను పుస్తకం మూస్తుంటే లేచి వచ్చి, "బాబూ, ఆ సింతసెట్టు ఎవులిదని రాసినావు?" అంది. చెట్టు రాయలేదమ్మా, భూమి రాశాను అన్నాను. "బూమెవులిదని రాసినావు?" అంది. పోరంబోకు అని రాశాను. ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. ఎవరిదీ కాదని, సర్కారుదని చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి, "మా అత్త అత్త నాటింది బాబూ," అంది.

రిమార్కుల గడిలో ఒక్క వాక్యం రాస్తే చాలు. ఫలానా కుటుంబం అనుభవంలో ఉన్న చెట్టు అని. రాయొచ్చు. నేను రాయలేదు. చీకటి పడుతోంది, జీపు దూరంగా ఉంది, నాకు ఇరవై నాలుగేళ్లు. కొన్నాళ్లకు ఆ జాగాను ఏదో కట్టడానికి కేటాయించారు, చెట్టు కొట్టేశారు. ఆమె తరఫున రికార్డులో ఒక్క అక్షరం లేదు. ఉండవలసింది నా చేతిరాత.

క్షమించండి. మళ్లీ విషయానికి వస్తాను.

1787 జులై 13. ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాస్తున్న రోజుల్లోనే, న్యూయార్కులో పాత కాంగ్రెసు వాయవ్య భూభాగానికి చట్టం చేసింది. ఇందులో రెండు మాటలున్నాయి. రెండూ చెబుతాను, ఒకటి చెప్పి ఒకటి దాచలేను.

మొదటిది. కొత్త నేలకు ముందు గవర్నరు ఉంటాడు. ఓటుహక్కున్న వయసు మగవాళ్లు, బానిసలు కానివాళ్లు 5,000 మంది అయితే సొంత శాసనసభ. స్వతంత్ర జనాభా 60,000 అయితే రాష్ట్రం. ఆ రాష్ట్రం మొదటి పదమూడింటితో అన్ని విధాలా సమానం. కాస్త ఆగి ఆలోచించండి. లండన్ తమను వలసగా చూసిందని యుద్ధం చేసినవాళ్లు, తామూ పడమటి నేలను వలసగా ఉంచుకోవచ్చు. ఉంచుకోలేదు. 1803లో ఒహాయో రాష్ట్రమైనప్పుడు వర్జీనియాకు సెనేటులో ఇద్దరు, ఒహాయోకూ ఇద్దరు. అక్కడ బానిసత్వం కూడదని కూడా అదే చట్టం రాసింది. రాజకీయంగా ఈ దేశం చేసిన గొప్ప పనుల్లో ఇదొకటని ఎవరితోనైనా వాదిస్తాను.

రెండోది. అదే చట్టం మూడో అధికరణం. బడులను ఎల్లకాలం ప్రోత్సహించాలని రాసిన ఆ అధికరణంలోనే, ఆదివాసుల పట్ల పూర్తి నిజాయితీతో ఉండాలని, వాళ్ల సమ్మతి లేకుండా వాళ్ల నేల ఎన్నడూ తీసుకోరాదని రాశారు. ఎన్నడూ.

నాలుగేళ్లు గడిచాయి. 1791లో ఆ భూభాగపు గవర్నరే, ఆర్థర్ సెంట్ క్లెయిర్, సైన్యంతో వాళ్ల మీదికి వెళ్లాడు. నవంబరు 4న వబాష్ నది తొలి పాయల దగ్గర మయామీల నాయకుడు లిటిల్ టర్టిల్, షానీల నాయకుడు బ్లూ జాకెట్ ఆ సైన్యాన్ని తుడిచిపెట్టారు. ఆరు వందలమందికి పైగా సైనికులు పోయారు. 1794 ఆగస్టులో ఫాలెన్ టింబర్స్ దగ్గర అమెరికా సేనాని ఆంథొనీ వేన్ గెలిచాడు. ఓడినవాళ్లు పరిగెత్తి వెళితే, అండగా ఉంటామన్న బ్రిటిష్ కోట తలుపు తెరవలేదు. మరుసటి ఏడు గ్రీన్‌విల్‌లో సంతకాలు. ఇప్పటి ఒహాయోలో సుమారు మూడింట రెండు వంతులు పోయింది. బదులుగా 20,000 డాలర్ల సరుకులు, ఏడాదికి 9,500 డాలర్ల విలువైన సరుకులు, అదీ అన్ని తెగలకూ కలిపి. సమ్మతి అన్నారు దాన్ని. సమ్మతి అనేది ఎలాంటి గదిలో, ఎవరి తుపాకుల మధ్య తీసుకుంటారో భూమి రికార్డులు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మన పక్కూరు డబ్లిన్‌లో ఉండేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సగం హాలు ఉంది. మీ సయోటో పార్కులో రాతి పలకలు పేర్చి చేసిన పెద్ద ముఖం ఉంది కదా, పిల్లలు ఎక్కి ఆడుకుంటారు. ఆయన లెదర్‌లిప్స్, వైయాన్‌డాట్ల పెద్ద. గ్రీన్‌విల్‌లో సంతకం పెట్టినవాళ్లలో ఒకరు. తెల్లవాళ్లతో సఖ్యం కోరుకున్నారు. 1810లో సొంత మనుషుల చేతుల్లోనే చనిపోయారు. ఇకమీదట అక్కడ ఫొటో దిగేముందు ఆ పేరొకసారి పిల్లల చేత పలికించండి.

ఇక 1803, లూసియానా. ఏ పుస్తకం తెరిచినా ఇదే ముందుంటుంది కనక త్వరగా చెబుతాను. సుమారు 8,28,000 చదరపు మైళ్లు, కోటిన్నర డాలర్లు. దేశం రెట్టింపైంది. మనవాళ్లు పొలం కొంటే ఏమడుగుతారు? లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. ఈ పొలానివి చూడండి. 1682లో లా సాల్ మిసిసిపీ కొసన నిలబడి ఇదంతా ఫ్రాన్సుదన్నాడు. 1762లో ఫ్రాన్సు దాన్ని స్పెయిన్‌కిచ్చింది. 1800లో రహస్య ఒప్పందంతో నెపోలియన్ వెనక్కి తీసుకున్నాడు. ఇంకొకరికి ఇవ్వనని స్పెయిన్‌కు మాటిచ్చి మరీ అమ్మాడు. హైతీలో బానిసలు తిరగబడి గెలుస్తుంటే, పచ్చజ్వరానికి సైన్యం కూలుతుంటే, అమెరికా ఖండం మీద అతని ఆశ చచ్చిపోయింది. న్యూ ఓర్లీన్స్ 1803 నవంబరు 30న స్పెయిన్ నుంచి ఫ్రాన్సు చేతికొచ్చింది, డిసెంబరు 20న అమెరికా చేతికి పోయింది. ఇరవై రోజుల స్వాధీనం! ఆ కాగితాల వరసలో ఆ నేల మీదున్న ఒసేజ్, మాండన్, లకోటా తెగల పేరు ఎక్కడుంది? నిజానికి అమెరికా ఫ్రాన్సు దగ్గర కొన్నది వాళ్ల నేల కాదు, ఆ నేలను వాళ్ల దగ్గర కొనుక్కోవడానికి తనకొక్కదానికే ఉండే హక్కు. ఆ కోటిన్నర తర్వాతే, ఒప్పందం మీద ఒప్పందంగా, అసలు నేల తీసుకోవడం మొదలైంది.

నేను రాసుకొచ్చిన చీటీలో ఇంకా ఫ్లోరిడా ఉంది, మిస్సోరి రాజీ ఉంది. నాకు పది నిమిషాలే ఉన్నాయట. అవి వదిలేస్తాను. వైయాన్‌డాట్లను మాత్రం వదలను.

1830లో ఆదివాసుల తరలింపు చట్టం వచ్చింది. ఒహాయోలో ఒక్కొక్క తెగా కదిలింది, చివరిదాకా నిలిచింది వైయాన్‌డాట్లు. అప్పర్ సాండస్కీ దగ్గర లక్ష ఎకరాల పైచిలుకు వాళ్ల చేతిలో ఉండేది. పంటలు, ఇళ్లు, బడి, 1824లో రాతితో కట్టిన చర్చి. 1842లో సంతకం పెట్టించారు. మిసిసిపీకి పడమట 1,48,000 ఎకరాలు ఇస్తామన్నారు. 1843 జులైలో ఆరు వందల మంది పైచిలుకు జనం సిన్సినాటిదాకా నడిచి, బళ్ల మీద వెళ్లి, ఆవిరి పడవలెక్కారు. వెళ్లి చూస్తే అక్కడ వాళ్లకు నేల లేదు. ఇస్తామన్న నేల లేదు! పూర్వం తాము ఒహాయోలో చోటిచ్చిన లెనాపేలే కాన్సస్ నది దగ్గర ఆదుకున్నారు. మూడు చెక్కలు ఊరికే ఇచ్చారు, 36 చెక్కలు అమ్మారు. ఈ 36 ఎక్కడ విన్నారు? టౌన్‌షిప్‌కు 36. గొలుసుతో తమ నేల కోసిన ఆ లెక్కలోనే వాళ్లు తమవాళ్ల దగ్గర మళ్లీ కొనుక్కోవలసి వచ్చింది.

అయితే వెళ్లేముందు వాళ్లు ఒక పని చేశారు. ఆ చర్చిని, దాని పక్క శ్మశానాన్ని మెథడిస్టు చర్చి పేర రాసి, మా వాళ్ల సమాధులు చూసుకోండని అప్పగించి వెళ్లారు. 1816లో వాళ్ల దగ్గరికి వచ్చి బోధించిన నల్లజాతి ప్రచారకుడు జాన్ స్టూవర్ట్ సమాధి కూడా అక్కడే ఉంది. 2019 సెప్టెంబరులో, 176 ఏళ్ల తర్వాత, ఆ చర్చి సంస్థ ఆ మూడెకరాల చిల్లర నేలను ఓక్లహోమాలో ఉంటున్న వైయాన్‌డాట్ జాతికి తిరిగి రాసి ఇచ్చింది. దస్తావేజు రాసి, చేతికి ఇచ్చింది.

మూడెకరాలే. కానీ నేను చదివిన ఇన్ని కాగితాల్లో, పేరు వెనక్కి ఎక్కిన కాగితం ఇదొక్కటే కనబడింది. చూడాలి. నేను కొలవను, చేతిలో గొలుసు ఉండదు. ఊరికే చూసి వస్తాను.

వచ్చే శనివారం వెళుతున్నాను. రూటు 23 పట్టుకుని నేరుగా ఉత్తరానికి పోతే గంటకు పైగా పడుతుంది. మా అల్లుడి కారులో ఇంకా మూడు సీట్లున్నాయి. పిల్లల్లో ఎవరొస్తారు?